మోడల్ రాకెట్ కిట్‌లో సూచనల కాగితం లేదా? సంపాదించి, సరైన కొలతలో ప్రింట్ తీసుకోవడం ఎలా

అమెరికాలో పిల్లలతో కలిసి మోడల్ రాకెట్లు కట్టే మనవాళ్లు పదేపదే అడిగే ప్రశ్న ఒకటుంది. కిట్ చేతికొచ్చింది, లోపల సూచనల కాగితం లేదు, ఇప్పుడేం చేయాలి? గరాజ్ సేల్‌లో కొన్న పాత కిట్ కావచ్చు. స్కౌట్స్‌లోనో, ఫోర్-హెచ్ క్లబ్‌లోనో డజను రాకెట్ల పెట్టె విప్పి పిల్లలకి తలా ఒకటి పంచినప్పుడు కాగితం మీ అబ్బాయి దాకా రాకపోయి ఉండొచ్చు. తమ్ముడు దాని మీద బొమ్మలు గీసేసి ఉండొచ్చు.

పీడీఎఫ్ ఫోన్‌లో ఉంది కదా, ప్రింట్ దేనికని కూడా చాలామంది అడుగుతారు. రాకెట్ కిట్ కాగితం చదివి పక్కన పెట్టేసేది కాదు. ఫిన్లు (రాకెట్ అడుగున ఉండే రెక్కలు) ఎక్కడ అతికించాలో గుర్తు పెట్టడానికి ట్యూబ్ (రాకెట్ ఒళ్లుగా ఉండే గొట్టం) చుట్టూ చుట్టే పట్టీ అందులోనే ఉంటుంది. పాత కిట్లలో ఫిన్ ఆకారాన్ని చెక్క మీద గీసుకునే నమూనా అందులోనే ఉంటుంది. షాక్ కార్డ్‌ని (రాకెట్ మొననీ ట్యూబ్‌నీ కలిపి ఉంచే సాగే తాడుని) ట్యూబ్ లోపల పట్టి ఉంచే మూడు మడతల ముక్కనీ చాలా కిట్లలో ఆ కాగితంలోంచే కత్తిరించాలి. అంటే ఈ కాగితం కూడా రాకెట్‌లో ఒక భాగమే. కొలత రెండు మిల్లీమీటర్లు తప్పితే రాకెట్‌లోనూ అంత తప్పు వస్తుంది. పైగా జిగురు చేతులతో ఫోన్ తెర జరుపుకుంటూ ఎవరూ రాకెట్ కట్టలేరు.

కాబట్టి పని రెండు భాగాలు. సరైన కాగితం వెతకడం ఒకటి, దాన్ని సరైన కొలతలో ప్రింట్ తీయడం రెండోది. ఎక్కువమంది తడబడేది రెండో దగ్గరే.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- కిట్ పెట్టె, లేదా సంచి పైన ఉండే అట్ట ముక్క. చిరిగినా పారేయకండి.
- మిల్లీమీటర్లున్న స్కేలు. అంగుళాలు కూడా ఉంటే ఇంకా మంచిది.
- కంప్యూటర్‌కి కలిపిన ప్రింటర్. లేకపోతే పెన్ డ్రైవ్‌లో ఫైలు వేసుకుని పబ్లిక్ లైబ్రరీకో, స్టేపుల్స్, ఫెడెక్స్ ఆఫీస్ లాంటి ప్రింట్ షాపుకో వెళ్లండి.
- మామూలు ప్రింటర్ కాగితం, ఒకటి రెండు మందపాటి కార్డ్ షీట్లు. కార్డ్ లేకపోతే ఖాళీ సీరియల్ డబ్బా అట్ట చాలు.
- కత్తెర, పెన్సిల్, సెలోటేప్.

1. ముందు కిట్ పేరు, నంబరు తేల్చుకోండి

పేరు ఒక్కటే సరిపోదు, నంబరు కావాలి. ఒకే పేరుతో దశాబ్దాలుగా వేర్వేరు కిట్లు వస్తున్నాయి. కొలరాడోలోని పెన్‌రోజ్ ఊళ్లో ఉన్న ఎస్టెస్ కంపెనీనే తీసుకోండి. వాళ్ల 'ఆల్ఫా'కి, 'ఆల్ఫా త్రీ'కి పేర్లు దగ్గరగా ఉన్నా కట్టే పద్ధతి వేరు. ఆల్ఫాలో బాల్సా అనే తేలికపాటి చెక్క ఫిన్లు ఒక్కొక్కటిగా అతికించాలి. ఆల్ఫా త్రీలో మూడు ఫిన్లూ కలిసి ఒకే ప్లాస్టిక్ ముక్కగా వస్తాయి. ఒకదాని కాగితంతో రెండోది కట్టబోతే సగంలో ఆగిపోతారు.

నంబరు పెట్టె మీద, సాధారణంగా ఒక మూలన ఉంటుంది. పాత ఎస్టెస్ కిట్లకి 'కె' అక్షరంతో మొదలయ్యే నంబర్లుండేవి. ఆల్ఫా అప్పట్లో కె-25, తర్వాత 1225 అయింది. ఆల్ఫా త్రీ కె-56, తర్వాత 1256. అందుకని ఒక నంబరుతో వెతికితే దొరక్కపోయినా నిరాశ పడకండి, రెండోదానితో ప్రయత్నించండి.

పెట్టె కూడా లేదంటే భాగాలనే సాక్ష్యంగా తీసుకోండి. ట్యూబ్ పొడవు, బయటి వ్యాసం, ఫిన్ల సంఖ్య, నోస్ కోన్ (రాకెట్ మొన) చెక్కదా ప్లాస్టిక్‌దా, ఇవన్నీ రాసుకోండి. వ్యాసం కొలవడానికి ప్రత్యేక పనిముట్టు అక్కర్లేదు. సన్నటి కాగితం పట్టీని ట్యూబ్ చుట్టూ బిగువుగా చుట్టి, కలిసే చోట గీత పెట్టి, విప్పి కొలవండి. ఎస్టెస్ ట్యూబులకి ఆ చుట్టుకొలతలు దాదాపుగా ఇలా ఉంటాయి (బీటీ అంటే బాడీ ట్యూబ్):

- బీటీ-5: 43.2 మి.మీ.
- బీటీ-20: 58.7 మి.మీ.
- బీటీ-50: 77.9 మి.మీ.
- బీటీ-55: 105.7 మి.మీ.
- బీటీ-60: 130.6 మి.మీ.

ఈ అంకెలు ఎక్కడైనా రాసి పెట్టుకోండి, ప్రింట్ సరిచూసేటప్పుడు మళ్లీ పనికొస్తాయి. ఆల్ఫాది బీటీ-50, బిగ్ బెర్తాది బీటీ-60.

2. కాగితం వెతకండి, ఈ వరసలోనే

మొదట తయారీదారు సైట్. ఎస్టెస్, అపోజీ లాంటి కంపెనీలు ఇప్పుడు అమ్ముతున్న కిట్లకి ఆ కిట్ పేజీలోనే సూచనల పీడీఎఫ్ పెడుతుంటాయి. ఉచితమే. అదే అసలైన ప్రతి కాబట్టి, అది దొరికితే ఇంకెక్కడా వెతకొద్దు.

అక్కడ లేకపోతే కంపెనీ కస్టమర్ సర్వీస్‌కి ఈమెయిల్ రాయండి. కిట్ పేరు, నంబరు, ఎప్పుడు ఎక్కడ కొన్నారు, పెట్టె ఫొటో, ఈ నాలుగూ మొదటి ఉత్తరంలోనే ఉండాలి. 'మా రాకెట్‌కి ఇన్‌స్ట్రక్షన్స్ పంపండి' అని ఒక్క ముక్క రాస్తే, ఏ రాకెట్ అని వాళ్లు తిరిగి అడగడానికే రోజులు గడుస్తాయి. కొత్త కిట్‌లో కాగితం రాలేదంటే అది భాగం తక్కువ రావడం కిందే లెక్క. మొహమాటపడకుండా అడగండి.

కిట్ అమ్మకం ఆగిపోయినదైతే, పాత కిట్ల కాగితాలు స్కాన్ చేసి దాచిపెట్టిన అభిమానుల సైట్లున్నాయి. 1960ల నాటి కాగితాలు కూడా అక్కడ కనిపిస్తాయి. సెంచురీ లాంటి మూతపడిన కంపెనీల కిట్లకి ఇదే దారి. ఇవి మీ ఇంట్లో రాకెట్ కట్టుకోవడానికి మాత్రమే. ప్రింట్ తీసి అమ్మకండి, హక్కులు కంపెనీలవే.

ఇవేవీ కుదరకపోతే మనుషులను అడగండి. 1957లో మొదలైన నేషనల్ అసోసియేషన్ ఆఫ్ రాకెట్రీకి దేశమంతా స్థానిక క్లబ్బులున్నాయి. వాళ్లు రాకెట్లు ఎగరేసే రోజున మైదానానికి వెళ్లి కిట్ చూపించండి. పాతికేళ్ల కాగితాలు ఫైల్లో భద్రంగా పెట్టుకున్న పెద్దాయన ఒకరైనా అక్కడ తగులుతారు. నా మట్టుకు ఇది చివరి మార్గం కాదు, అన్నిటికంటే మంచి మార్గం. కాగితంతో పాటు కట్టే చిట్కాలు కూడా చెప్పి పంపుతారు.

3. దొరికిన ప్రతి మీ కిట్‌దేనా? ప్రింట్ కంటే ముందే చూడండి

మొదటి పేజీలో భాగాల బొమ్మ ఉంటుంది. కిట్‌లోని ముక్కలన్నీ బల్ల మీద పరిచి, బొమ్మలో ఉన్న ప్రతిదానికీ టిక్ పెట్టండి. పిల్లలకి అప్పగించదగ్గ పని ఇది. చూస్తుండగానే భాగాల పేర్లు నేర్చేసుకుంటారు.

రెండు మూడు ముక్కలు తేడాగా ఉన్నాయంటే అది వేరే కాలపు ప్రతి. పాత కాగితం బాల్సా నోస్ కోన్‌కి కంటి మర (కొసన రింగు ఉన్న స్క్రూ) బిగించమంటుంది, మీ కిట్‌లో ప్లాస్టిక్ కోన్‌కే కన్నం ఉంటుంది. పాత కాగితం ఫిన్లు చెక్క పలక మీద గీసి కోయమంటుంది, మీ కిట్‌లో అవి కోసే వస్తాయి. ఇలాంటి తేడాలతో పని ఆగదు. కానీ ఇంజిన్ మౌంట్ (మందు కూరిన ఇంజిన్‌ని ట్యూబ్‌లో పట్టి ఉంచే అమరిక) బొమ్మ, ట్యూబ్ పొడవు, ఫిన్ల సంఖ్య మాత్రం కచ్చితంగా కలవాలి. వీటిలో ఏ ఒక్కటి కలవకపోయినా ఆ ప్రతి పక్కన పెట్టేసి ఇంకోటి వెతకండి.

4. ప్రింట్ తీయండి: నూరు శాతం, ఒక్క శాతం కూడా తగ్గకుండా

అసలు చిక్కు ఇక్కడుంది. అమెరికాలో తయారైన పీడీఎఫ్‌లు లెటర్ సైజుకి, అంటే ఎనిమిదిన్నర అంగుళాల వెడల్పు, పదకొండు అంగుళాల పొడవుకి చేసినవి. ప్రింటర్ మాత్రం అంచులు తెగిపోతాయేమోనని తనంతట తానే బొమ్మని కాస్త కుదిస్తుంది. కుదించిందని మీకు చెప్పదు. కంటికి తేడా తెలియదు.

కంప్యూటర్‌లో అక్రోబాట్ రీడర్‌తో తెరిస్తే ప్రింట్ పెట్టెలో 'యాక్చువల్ సైజ్' ఎంచుకోండి. 'ఫిట్', 'ష్రింక్ ఓవర్‌సైజ్డ్ పేజెస్' రెండూ వద్దు. క్రోమ్ నుంచి ప్రింట్ చేస్తే 'మోర్ సెట్టింగ్స్' తెరిచి, స్కేల్ దగ్గర 'కస్టమ్' పెట్టి 100 అని కొట్టండి. మ్యాక్‌లో ప్రివ్యూ వాడితే 'స్కేల్' 100 శాతం ఉండాలి, 'స్కేల్ టు ఫిట్' కాదు. ఫోన్ నుంచి నేరుగా ప్రింట్ ఇవ్వకండి. చాలా ఫోన్లలో ఈ ఎంపికే కనిపించదు.

ప్రింట్ షాపులో అయితే కౌంటర్ దగ్గర 'నూరు శాతం, నో స్కేలింగ్' అని నోటితో చెప్పండి. స్కేలు వెంట తీసుకెళ్లి, మొదటి పేజీ అక్కడే కొలిచాకే మిగతావి తీయించండి.

*ఇండియాలో ప్రింట్ తీసేవాళ్లకి.* సెలవులకి వచ్చిన మేనమామ కిట్ తెచ్చాడు, పీడీఎఫ్ పట్టుకుని జిరాక్స్ షాపుకి వెళ్లారు అనుకోండి. అక్కడుండేది ఎ4 కాగితం. అది లెటర్ కంటే పొడవు ఎక్కువ, వెడల్పు మాత్రం దాదాపు 6 మి.మీ. తక్కువ. 'ఫిట్' మీద వదిలేస్తే బొమ్మ 97 శాతానికి కుదించుకుపోతుంది. బీటీ-60 ట్యూబ్‌కి చుట్టే పట్టీ 130.6 బదులు 127 మి.మీ. వస్తుంది. నాలుగు ఫిన్లు గుర్తు పెడితే మూడు సందులు 31.8 మి.మీ., నాలుగోది 35.3 మి.మీ. అవుతాయి. వెనక నుంచి చూస్తే ఆ వంకర ఎవరికైనా తెలుస్తుంది. ఎ4 మీద కూడా నూరు శాతమే పెట్టండి. పక్క అంచుల్లో పోయేది ఇరువైపులా మూడేసి మిల్లీమీటర్లు, అక్కడ సాధారణంగా ఏమీ ఉండదు.

కిట్ వరకు సామానులో తెచ్చుకోవచ్చు. ఇంజిన్లు మాత్రం విమానంలో చేతి సంచిలోనూ, చెక్-ఇన్ సామానులోనూ నిషేధం. ఇంజిన్ లేదు కదా అని టపాసుల మందు కూరి ఎగరేద్దామనే ఆలోచన ఎవరికైనా వస్తే అక్కడే ఆపేయండి. చేతులు, కళ్లు పోతాయి. కట్టి అల్మరాలో పెట్టుకున్నా ఆ కిట్ అందంగానే ఉంటుంది.

*పెద్ద కాగితాలు.* కొన్ని పాత సూచనలు 11 అంగుళాల వెడల్పు, 17 అంగుళాల పొడవున్న పెద్ద కాగితం మీద వచ్చేవి. వాటిని లెటర్ మీద కుదించి చదువుకోవచ్చు గానీ, నమూనాలున్న పేజీ మాత్రం ప్రింట్ షాపులో పెద్ద కాగితం మీదే తీయించండి. లేదా అక్రోబాట్‌లో 'పోస్టర్' ఎంపికతో నూరు శాతంలోనే రెండు ముక్కలుగా తీసి, అతుకు దగ్గర గీతలు కలిపి సెలోటేప్ వేయండి.

5. ఏ పేజీ ఏ కాగితం మీద?

రెండు ప్రతులు తీయండి, ఒకటి చదవడానికి, ఇంకోటి కత్తిరించడానికి. చదివే ప్రతిని రెండు వైపులా తీసినా పర్వాలేదు. కత్తిరించే పేజీ ఒకవైపే ఉండాలి. ఒక్క ప్రతితోనే సరిపెట్టుకున్నవాళ్లు మూడో అంచెలో షాక్ కార్డ్ ముక్క కత్తిరించి, ఏడో అంచెకి వచ్చాక దాని వెనకే ఆ అంచె బొమ్మ ఉందని చూసి తల పట్టుకుంటారు.

ఫిన్ నమూనాని కార్డ్ మీద తీయండి, లేదా మామూలు ప్రింట్‌ని సీరియల్ డబ్బా అట్టకి అతికించి కోయండి. పెన్సిల్ ఆనడానికి గట్టి అంచు కావాలి. నమూనా మీద బాణం గుర్తుందేమో చూడండి. అది బాల్సా నార ఏ దిక్కున ఉండాలో చెబుతుంది, మామూలుగా ఫిన్ ముందంచుకి సమాంతరంగా. బాణం చూడకుండా కోస్తే నేలకి తగిలిన మొదటిసారే ఫిన్ విరుగుతుంది.

ట్యూబ్‌కి చుట్టే పట్టీకి మామూలు కాగితమే మేలు. కార్డ్ మందం వల్ల పట్టీ చివరలు కలవవు.

షాక్ కార్డ్ పట్టే మూడు మడతల ముక్కకి కూడా మామూలు కాగితమే. కార్డ్ వాడితే గట్టిగా ఉంటుందని చాలామంది అనుకుంటారు, కానీ మడతల మీద మడతలు పడి అది ముద్దలా తయారవుతుంది, ట్యూబ్ వంపుకి ఒదగదు, పారాచూట్ బయటికి జారే దారికి అడ్డొస్తుంది. ఇంక్‌జెట్ ప్రింటర్ అయితే సిరా తడి జిగురులో కరిగి పాకుతుంది. ఈ ఒక్క ముక్కకి లేజర్ ప్రింట్ తీసుకోండి, లేదా ప్రింట్ చూసి అదే కొలతలో తెల్ల కాగితం కత్తిరించుకోండి. అతికించేటప్పుడు ట్యూబ్ పై అంచు నుంచి కనీసం ఒక అంగుళం లోపలికి ఉండాలి, లేకపోతే నోస్ కోన్ మెడ కూర్చోదు.

6. మిగతావి కత్తిరించే ముందు సరిచూడండి

నమ్మదగిన పరీక్ష ఇది. ట్యూబ్ పట్టీని కత్తిరించి మీ ట్యూబ్ చుట్టూ బిగువుగా చుట్టండి. రెండు చివర్లూ సరిగ్గా కలిస్తే ప్రింట్ కొలత సరే. మధ్యలో ఖాళీ వస్తే బొమ్మ కుదించుకుపోయింది. ఒకదాని మీద ఒకటి ఎక్కితే పెరిగింది, లేదా అది వేరే ట్యూబ్ పట్టీ.

రెండో పరీక్ష నిలువు కొలతకి. కొన్ని స్కాన్లు అడ్డంగా సరిగా ఉండి నిలువుగా సాగి ఉంటాయి. ఫిన్ నమూనాని కిట్‌లో కోసి వచ్చిన ఫిన్ మీద పెట్టి చూడండి. అవి లేకపోతే పేజీలో ఎక్కడైనా కొలత రాసి ఉన్న నిలువు గీత వెతికి స్కేలు పెట్టండి.

7. స్కాన్ ప్రతి అయితే కొలత మీరే సరిచేసుకోవాలి

అభిమానుల సైట్లలో దొరికేవి చాలావరకు ఫొటో ఫైళ్లు. వాటికి అసలు కొలత అంటూ ఉండదు, నూరు శాతం పెట్టినా ఎంత వస్తుందో చెప్పలేం. లెక్క తేలికే. ఒకసారి ప్రింట్ తీసి పట్టీ పొడవు కొలవండి. ఉండాల్సిన కొలతని వచ్చిన కొలతతో భాగించి వందతో గుణించండి. బీటీ-50 పట్టీ 77.9 మి.మీ. ఉండాలి, మీకు 72 వచ్చింది అనుకుందాం. 77.9ని 72తో భాగిస్తే 1.082. స్కేల్ దగ్గర 108 పెట్టి మళ్లీ తీసి, మళ్లీ కొలవండి. అర మిల్లీమీటర్ లోపు తేడా ఉంటే చాలు.

పట్టీ కోసం తేల్చిన శాతమే ఆ స్కాన్‌లోని ఫిన్ నమూనాకీ వాడండి, కానీ ఒకే పేజీలో ఉంటేనే. వేర్వేరు పేజీలు వేర్వేరుగా స్కాన్ అయి ఉండొచ్చు, దేనికదే కొలవాలి.

పట్టీయే దొరకకపోతే

కంగారు వద్దు, మీరే చేసుకోవచ్చు. కాగితం పట్టీ చుట్టి చుట్టుకొలత గుర్తు పెట్టి, మూడు ఫిన్లయితే మూడు భాగాలు, నాలుగయితే నాలుగు భాగాలు చేయండి. బీటీ-50కి మూడు ఫిన్లంటే 26 మి.మీ.కి ఒక గీత. మళ్లీ చుట్టి ఆ గుర్తులు ట్యూబ్ మీదకి ఎక్కించండి. నిలువు గీతలు తిన్నగా రావడానికి ట్యూబ్‌ని తలుపు చట్రం మూలలో ఆనించి, ఆ అంచు వెంట పెన్సిల్ లాగండి.

ఫిన్ నమూనా లేకపోతే మాత్రం ఫొటో చూసి అందాజుగా గీయకండి. ఫిన్ చిన్నదైతే రాకెట్ పైకి వెళ్తూనే తలకిందులవుతుంది. ఓపెన్‌రాకెట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ట్యూబ్ కొలతలు, ఫిన్ కొలతలు వేస్తే గాలిలో నిలకడగా వెళ్తుందో లేదో చూపిస్తుంది, ఫిన్ నమూనా కూడా ప్రింట్ ఇస్తుంది. పిల్లలకి కాస్త సాయం చేస్తే వాళ్లే నడిపించగలరు.

పాత కాగితంలో గుడ్డిగా నమ్మకూడనివి

ఇంజిన్ పట్టిక మొదటిది. పాత కాగితాల్లో ఉన్న ఇంజిన్లు కొన్ని ఇప్పుడు దొరకవు, 1960ల కాగితాల్లో ఎ.8-3, బి.8-4 లాంటి పాత పద్ధతి పేర్లుంటాయి. పేరు దగ్గరగా ఉందని ఏదో ఒకటి కొనకండి. తయారీదారు ఇప్పుడు ప్రచురించే పట్టికలో మీ రాకెట్‌కో, అంతే బరువు, అంతే వ్యాసం ఉన్న రాకెట్‌కో ఏది సూచించారో చూడండి. మొదటిసారి వాటిలో చిన్న ఇంజిన్‌తోనే ఎగరేయండి. ఇంజిన్ పేరు చివరి అంకె, ఇంజిన్ నెట్టడం ఆగిపోయాక పారాచూట్ తెరుచుకోవడానికి ముందు గడిచే సెకన్లు. సున్నా ఉన్నది బూస్టర్ దశకి (ఒకటికి మించి దశలున్న రాకెట్‌లో కింది దశకి) వాడేది, ఒంటి దశ రాకెట్‌లో పెట్టకూడదు.

రెండోది సాగే తాడు. పాత కిట్‌లోని రబ్బరు తాడు ఎండి పిగిలిపోతుంది. లాగి చూడండి, తెగితే కొత్త ఎలాస్టిక్ వేయండి.

మూడోది భద్రతా నియమాలు. ఎంత పాత కాగితం వాడినా, నేషనల్ అసోసియేషన్ ఆఫ్ రాకెట్రీ ఇప్పటి భద్రతా నియమావళిని విడిగా ప్రింట్ తీసి దానికి పిన్ చేయండి. పేరు మొదటి అక్షరం డి వరకు ఉన్న ఇంజిన్లయితే ఎగరేసేటప్పుడు 15 అడుగుల దూరం, అంతకంటే పెద్దవాటికి 30 అడుగులు. బటన్ నొక్కినా అంటుకోకపోతే బటన్ పెట్టెలోని భద్రతా తాళంచెవి బయటికి తీసేసి, 60 సెకన్లు ఆగాకే దగ్గరికి వెళ్లాలి. ఆ నిమిషం ఆగడం పిల్లలకి చాలా కష్టం. అందుకే ఆ వాక్యం కింద ఎర్ర గీత పెట్టి, మైదానంలో వాళ్ల చేతే గట్టిగా చదివించండి.

ప్రింట్ సరిచూసుకున్నాక చదివే ప్రతి మొదటి పేజీ పైన కిట్ నంబరు, ప్రింట్ చేసిన శాతం రాసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టండి. పీడీఎఫ్‌ని కూడా అదే నంబరుతో దాచుకోండి. ఫిన్ విరిగి కొత్తది కోయాల్సి వచ్చినప్పుడు మళ్లీ మొదటి నుంచి కొలవాల్సిన పని ఉండదు.